గనికప్పు చెప్పు మాట



సంతలో కుండ కొనునప్పుడు మనమేమి చేయుదుము? చేతిలోనికి తీసికొని వ్రేలికణుపుతో తట్టి, చెవియొగ్గి విందుము. ఖంగుమని మ్రోగిన కొందుము. పగులు చప్పుడు వచ్చిన, కుమ్మరి యెంత తక్కువ ధర చెప్పినను మరల అక్కడనే పెట్టుదుము. కంటికి కనబడని బీటను చెవి కనిపెట్టును. నేను నేడు మనవి చేయబోవు శాస్త్రము ఈ కుండపరీక్షకు చుట్టమే. భూమిక్రింద మనుష్యుడు త్రవ్వుకొనిన చోట, తలమీది రాయి ఎంతకాలము నిలుచును? కూలుటకు ముందు ఏ గురుతు చూపును? ఆ గురుతును విన్నవాడు ఏమి చేయవలెను? బొగ్గుగనులకును, నీటిసొరంగములకును సంబంధించిన ఇంజనీర్ల పరిశోధనలో ఇవియే మొదటి ప్రశ్నలు.

ఈ మాటను హైదరాబాదులోని కోఠినుండి ఆరంభించుట సమంజసము. కోఠి యనగా గొప్ప మేడ. బ్రిటిషు రెసిడెంటు నివసించిన మేడనుబట్టి ఆ పేటకు ఆ పేరు వచ్చినది. 1871లో భూగర్భపరిశోధనశాఖకు చెందిన విలియం కింగు అను శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కలదని కనుగొనెను. భద్రాచలము పోవు యాత్రికులు వంటకొరకు పొయ్యి పెట్టగా నల్లరాళ్లు అంటుకొని మండినవని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. అటుపిమ్మట ఆ నల్లరాయిమీద అందరి చూపును పడినది. రైలుమార్గమును, గనుల హక్కులను ఏ షరతులమీద ఇయ్యవలెనను తగవు 1883లో నగరమును కుదిపివేసినది. ఆ వ్యవహారమును బాహాటముగా విమర్శించిన అఘోరనాథ చట్టోపాధ్యాయులు, అనగా సరోజినీ నాయుడుగారి తండ్రి, నగరమునుండి వెడలగొట్టబడిరి. 1886లో ఇంగ్లండున హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడి గనుల హక్కులను పొందినది. ఆ హక్కుల బేరమును గూర్చి 1888లో బ్రిటిషు పార్లమెంటువారి సంఘము విచారణ జరిపినది. కోఠిలోని మేడలోను, లండనులోని సభలోను వాటాలమాటయే పెద్దగా వినబడినది. బొగ్గు తీసిన పిదప మిగులు చీకటిలో పనివాని తలపై నిలుచు రాతిమాట అంత పెద్దగా వినబడలేదు.

1889 నుండి సింగరేణి ప్రాంతమున బొగ్గు త్రవ్వుచున్నారు. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడినది. నేడు అది తెలంగాణ ప్రభుత్వమునకును, భారతప్రభుత్వమునకును ఉమ్మడి సొత్తు. ప్రాణహిత గోదావరుల లోయవెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవున ఆ బొగ్గునేల వ్యాపించి యున్నది. ఇప్పుడు బొగ్గులో అధికభాగము ఉపరితలపు గనులనుండియే వచ్చుచున్నను, భూగర్భములోనికి దిగి పనిచేయువారు ఇంకను వేలకొలది కలరు. కొత్తగూడెము, మందమర్రి, శ్రీరాంపురము, గోదావరిఖని పరిసరములలో ‘బొగ్గుబావి’ యెరుగని గ్రామమే లేదు.

ఆ బావిలో కప్పు ఎట్లు నిలుచునో మొదట చూతము. పెద్ద మండువాలోగిలికి స్తంభములు ఎట్లో, గనికి బొగ్గుదిమ్మెలు అట్లు. బొగ్గుపొరలో అడ్డముగను నిలువుగను వీథులు త్రవ్వి, వాని నడుమ చతురపు దిమ్మెలను త్రవ్వక విడిచెదరు. మీది రాతిబరువంతయు ఆ దిమ్మెలపై నిలుచును. ఒక మీటరు మందపు రాయి ప్రతి చదరపు మీటరుపై సుమారు రెండున్నర టన్నుల బరువు మోపును. 300 మీటర్ల లోతునకు పోయిన, చదరపు మీటరునకు 750 టన్నులు. కావుననే లోతు పెరిగినకొలది దిమ్మెలు పెద్దవి కావలెను. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలో దీనికి లెక్క ఉండెడిది. వీథి 4.8 మీటర్ల వెడల్పున ఉన్నచో, 60 మీటర్లలోపు లోతున దిమ్మె నడిమినుండి దిమ్మె నడిమికి 19.5 మీటర్లకు తక్కువ ఉండరాదు. 360 మీటర్లు మించిన చోట 48 మీటర్లకు తక్కువ ఉండరాదు.

ఈ లెక్కను కొంచెము గుణించి చూడుడు. మొదటిచోట వీథులవలన నూటికి 43 వంతుల బొగ్గు బయటికి వచ్చును. రెండవచోట 19 వంతులు మాత్రమే వచ్చి 81 వంతులు కప్పును మోయుటకై లోపలనే ఉండిపోవును. ఇక్కడనే ఆశకును భయమునకును పోరాటము మొదలగును. ఆ విడిచిన బొగ్గునుగూడ తీయవలెనని కోరుట సహజము. తీసినచో కప్పు కూలును. కూలుట తప్పనిది కనుక, మనుష్యులు లేనప్పుడు, మనము చెప్పిన చోట, చెప్పిన వేళకు కూలునట్లు చేయుట ఎట్లు? గనుల పరిశోధనలో సగము ఈ ప్రశ్నచుట్టును తిరుగుచున్నది.

పూర్వము దీనికి సాధనములు రెండే: చెవియు, కర్రయు. గని సర్దారు పనివారికంటె ముందు లోనికి పోయి, పొడవైన కడ్డీతో కప్పును తట్టును. గట్టిరాయి ఖంగుమని పలుకును. పొర విడిచిన రాయి డొల్లగా మ్రోగును. కుండపరీక్షయే! కప్పుక్రింద కర్రదిమ్మెలను నిలిపెడివారు. ముసలి పనివారు ఇనుమునకంటె కర్రనే ఎక్కువగా నమ్మెడివారు. కర్ర విరుగుటకు ముందు కిరకిరలాడును, పీచులు విచ్చుకొనును, నోరులేనిదైనను హెచ్చరించును. ఆ చప్పుడు విన్నవాడు తట్టను, చెమ్మసును అక్కడనే పారవైచి బయటపడెడివాడు.

ఇనుపకడ్డీల యుగము వచ్చినది. ఇప్పుడు కప్పులోనికి రంధ్రము చేసి, ఉక్కుకడ్డీని చొప్పించి, సిమెంటుతోగాని జిగురువంటి పదార్థముతోగాని బిగించెదరు. ఇదేమి పనిచేయును? మన విస్తరిని తలచుకొనుడు. ఒక్కొక్క ఆకు మెత్తనిదే. పుల్లతో కుట్టిన పిదప అన్నము పప్పు పోసినను నిలుచును. అట్లే పొరలు పొరలుగా నున్న రాతిని ఉక్కుపుల్లలతో కుట్టి ఒక్క దూలముగా చేయుదురు. వీథిలో కర్ర అడ్డము లేదు, గాలి బాగుగా వీచును, అడవియు మిగులును. కాని ఉక్కుకడ్డీ కర్రవలె మాటలాడదు. లోపల పొర విడుచుచున్నను పైకి నిమ్మళముగనే కనబడును. కావున మూగదానికి నోరిచ్చు పరికరములు కావలసినవి.

వానిలో ఒకటి మిక్కిలి సులభమైనది. కప్పులో లోతుగా నున్న గట్టిరాతికి ఒక తీగెను బిగించి, దాని క్రిందికొనకు రంగుల పట్టెలుగల గొట్టమును వ్రేలాడదీయుదురు. కప్పు క్రుంగినకొలది ఆ పట్టెలు ఒక్కొక్కటిగా మరుగగును. పచ్చపట్టె కనబడుచున్నంతవరకు భయము లేదు. పసుపు వచ్చిన జాగ్రత్త. ఎరుపు మిగిలిన బయటికి నడువవలెను. చదువురానివాడును దానిని చదువగలడు. ఇది కాక వీథి నెత్తి నేల ఎన్ని మిల్లీమీటర్లు దగ్గరకు వచ్చినవో కొలుచు కడ్డీలు, దిమ్మెపై బరువు ఎంత పెరిగినదో చెప్పు యంత్రములు కలవు. మనకు పొరుగున ఉన్న కోలారు బంగారుగనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినవి. అచట రాయి ఒత్తిడికి తాళలేక ఫిరంగివలె ప్రేలెడిది. 2001లో మూతపడిన ఆ గనులలో రాతి సూక్ష్మధ్వనులను భూకంపయంత్రములతో వినుట సాగినది. 1988లో రాతిబల పరిశోధనకై ఒక జాతీయసంస్థ అక్కడనే స్థాపింపబడినది.

వినుటకు ముందు రాతి స్వభావము తెలియవలెను గదా. బోలుగొట్టముతో తొలిచి రాతికడ్డీలను పైకి తీసి చూచెదరు. మంచిరాయి చెరకుగడవలె పొడుగుముక్కలుగా వచ్చును; చెడురాయి అటుకులవలె రాలి వచ్చును. 1960 తరువాత అమెరికాలో డీరు అను శాస్త్రజ్ఞుడు ఈ ముక్కల పొడవును కొలిచి రాతి మంచిచెడ్డలను లెక్కగా చెప్పు పద్ధతిని ఏర్పరచెను. 1973లో దక్షిణాఫ్రికాలో బీనియావ్‌స్కీ రాతికి నూటికి ఇన్ని మార్కులని వేయు పద్ధతిని ప్రకటించెను. మన దేశమున ధనబాదులోని పరిశోధకులు బొగ్గుగనుల కప్పుకు తగిన మార్కులపట్టికను తయారుచేసిరి. అందులో ఒక విశేషము కలదు. పొర మందమునకు 30, బీటలు మొదలగు లోపములు లేకుండుటకు 25, తడికి కరగకుండుటకు 20, రాతి గట్టిదనమునకు 15, నీటి ఊట లేకుండుటకు 10. చూచితిరా? గట్టిదనమునకు నూటికి 15 మార్కులే! సమ్మెటతో కొట్టిన పగులని రాయి మంచి కప్పని మనమనుకొందుము. శాస్త్రము అట్లు చెప్పదు. రాయి ఎంత గట్టిదను దానికంటె, అది పొరలుగా విడియున్నదా, నీరు తగిలిన మెత్తబడునా అను ప్రశ్నలే ప్రాణమును కాపాడును.

అంతే కాదు. మితిమీరి గట్టిగానుండు కప్పువలనగూడ ముప్పు కలదు. దిమ్మెలు తీసిన పిదప కప్పు వెంటవెంట కొంచెము కొంచెముగా రాలవలెను. గట్టి ఇసుకరాయి రాలక విశాలమైన చావడివలె వ్రేలాడి, ఒక్కసారిగా పడినచో, లోపలి గాలి పెనుగాలియై మనుష్యులను ఎత్తివైచును. కావున కూలని కప్పును మందుపెట్టి కూల్చుట ఒక విద్య అయినది. మరియొక మార్గము, ఖాళీని ఇసుకతో నింపుట. గోదావరియిసుకను నీటితో కలిపి గొట్టములద్వారా లోనికి పంపెడివారు. నదియిసుక అరుదైన కొలది, ఉపరితలపు గనులలో త్రవ్విపోసిన మట్టిరాళ్లను నలుగగొట్టి, జల్లించి, కడిగి ఇసుకగా చేయు పరిశ్రమను సింగరేణివారు చేపట్టిరి. 1983లో గోదావరిఖనిలో మొదలైన లాంగ్‌వాలు పద్ధతి మూడవ మార్గము. అందులో పొడవైన బొగ్గుగోడను యంత్రము చెక్కుచుండగా, నీటిబలముతో లేచు ఉక్కుకాళ్ల వరుస కప్పును మోయుచు ముందుకు నడచును. వెనుకనున్న కప్పును కూలనిచ్చును.

ఇన్ని విద్యలు వచ్చినను ప్రమాదములు పోలేదు. 2003 సంవత్సరమును గోదావరిఖనివారు మరువలేరు. ఆ యేట జూను 16వ తేదీన ఒక గనిలోనికి నీరు పొంగి 17 మంది మరణించిరి. నాలుగు నెలలు గడచిన పిదప, అక్టోబరు 16వ తేదీన, వేరొక గనిలో కప్పు కూలి 10 మంది మరణించిరి. ఇది శాస్త్రము లేని కాలమున జరిగినది కాదు. మార్కులపట్టికలు, కొలతకడ్డీలు, నిబంధనలు అన్నియు ఉన్న కాలముననే జరిగినది.

ఇప్పుడు గనినుండి సొరంగమునకు పోదము. రెంటికిని ఒక భేదము కలదు. గనివాడు బొగ్గుపొర వెంట పోవును. ఆ పొర స్వభావము తరతరములుగా తెలిసినది. సొరంగమువాడు అట్లు కాదు. నీరు పోవలసిన దారి ఎటో అటే పోవలెను. ఆ దారిలో ఏ రాయి ఎదురైన దానినే తొలువవలెను. శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము అట్టిది. కృష్ణనీటిని ఎత్తిపోయక, పల్లమునకు పారించి, ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన నల్లగొండ గ్రామములకు అందించుట దాని ఉద్దేశము. పొడవు 43.93 కిలోమీటర్లు. దానిపై అమ్రాబాదు పులుల అభయారణ్యము ఉండుటచేత నడుమ ఎక్కడను పైనుండి దారి చేయు వీలు లేక, రెండు కొనలనుండియే పెనుయంత్రములతో తొలిచిరి.

2025 ఫిబ్రవరి 22వ తేదీన దోమలపెంట వైపు, ముఖద్వారమునుండి సుమారు 14 కిలోమీటర్ల లోపల, కప్పు కూలి నీరును బురదయు లోనికి దూకినవి. ఎనమండుగురు చిక్కుకొనిరి. వారిలో తెలుగువాడు ఒక్కడును లేడు. పంజాబు, కాశ్మీరము, ఉత్తరప్రదేశము, జార్ఖండు ప్రాంతములనుండి మన నల్లగొండకు నీరు తెచ్చుటకై వచ్చినవారు. సైన్యము, సింగరేణి రక్షకదళములు, ఇంకను అనేకసంస్థలు రెండు నెలలు శ్రమించినవి. ఏప్రిలు చివరకు ఇద్దరి దేహములు మాత్రమే బయటికి వచ్చినవి.

దీనికి పదునైదు నెలల ముందు, 2023 నవంబరులో, ఉత్తరాఖండములోని సిల్క్యారా సొరంగమున 41 మంది చిక్కుకొనిరి. అచట కూలినది వారికిని ముఖద్వారమునకును నడుమ. వారున్న చోట గాలి ఆడు ఖాళీ మిగిలినది. గొట్టముద్వారా అన్నము, గాలి పంపిరి. పెద్దయంత్రము విరిగిపోగా, చివరి కొన్ని మీటర్లు చేతిపనిముట్లతో త్రవ్విన కూలీలు పదునేడవ దినమున అందరిని ప్రాణములతో బయటికి తెచ్చిరి. ఒకచోట మనుష్యులు బ్రదికిరి, ఒకచోట పోయిరి. ఆ భేదము రక్షకుల ధైర్యములో లేదు, కూలిన చోటులో ఉన్నది. రక్షించు విద్య ఎంత గొప్పదైనను, కూలకముందు తెలిసికొను విద్యకు సాటి రాదు.

ఆ తెలిసికొను విద్యకు హైదరాబాదే ఒక కేంద్రము. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ ఉప్పలులో కలదు. ప్రమాదానంతరము 2025 చివరిలో వారు సొరంగపుదారిపై హెలికాప్టరును ఎగురవేసి, దానిక్రింద వ్రేలాడు పెద్ద తీగెచుట్టతో భూమిలోనికి విద్యుదయస్కాంత స్పందనలను పంపి పరీక్షించుటకు పూనుకొనిరి. ఎండిన గట్టిరాయి ఒక తీరున బదులు పలుకును. నీరు నిండిన నలిగినరాయి మరియొక తీరున బదులు పలుకును. అడవిలో ఒక చెట్టును కొట్టక, ఒక రంధ్రము వేయక, కొండను పైనుండి తట్టి చూచుటయే ఇది. ఇంతటితో సరిపోదు. సొరంగము లోపల యంత్రమునకు ముందుగా పొడవైన రంధ్రములు వేసి, ముందున్నది నీరా, మెత్తనిరాయా అని తెలిసికొనుచు పోవలెను.

అయినను, అసలు మాట ఇంకొకటి కలదు. కప్పు చెప్పు మాటను వినుట ఒక యెత్తు. విన్నవాడు పని ఆపగలుగుట ఇంకొక యెత్తు. కప్పు ప్రమాదముగా నున్నప్పుడు పనివారిని వెనుకకు తీయుట సర్దారు విధియని నిబంధన కలదు. కాని ఆపిన దినమున ఉత్పత్తి తగ్గును. యంత్రము ఊరక నిలుచును. దశాబ్దములుగా నీటికై ఎదురుచూచు పల్లెలు ఇంకెన్నడని అడుగును. వారి ప్రశ్న తప్పని నేననజాలను. విషజలము త్రాగువానికి ఒక్కొక్క యేడును ఒక్కొక్క ఎముక. ఆలస్యమువలనను ప్రాణము పోవును. తొందరవలనను ప్రాణము పోవును. అందుచేత ముందు పరిశోధనకు వ్యయమగు కాలమును ఆలస్యమని లెక్కింపక, పనిలో మొదటిభాగమని లెక్కింపవలెను. పునాది త్రవ్విన దినములను ఇల్లు కట్టిన దినములలో కలిపియే గదా మనము లెక్కించెదము!

ఇది గనులవారికి మాత్రమే చెప్పు మాట కాదు. మన ఊరిలో బావి త్రవ్వించినను, పాతబావి పూడిక తీయించినను, గుట్టను రాళ్లకై కొట్టించినను, అదియు చిన్న గనియే. ఒర లేని మట్టిబావిలో గట్టు విరిగి మనుష్యులు పూడిపోవుట మనమెరిగినదే. ముందుగా అంచున బీటలున్నవేమో చూడుడు. త్రవ్విన మట్టిని అంచుననే గుట్టపోయనీయకుడు. ఆ బరువే గట్టును లోనికి త్రోయును. వాన కురిసిన మరునాడు తొందరపడి మనుష్యుని దింపకుడు. పాతబావిలోనికి దింపుటకు ముందు, లోపల గాలి మంచిదో కాదో తెలిసినవారిచేత పరీక్ష చేయింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ‘ఇది బాగులేదయ్యా, నేను దిగను’ అని వడ్డెరవాడు చెప్పినప్పుడు, వాడు సోమరియని తిట్టకుడు. ఆ దినపు కూలి వానికి ఇచ్చి పంపుడు. వాడు తన చెవితో విన్నది మన చెవికి వినబడదు.

కోఠిలోని ఆ పాతమేడలో నేడు రెసిడెంటు లేడు. వాటాల బేరములు లేవు. అది మహిళా విశ్వవిద్యాలయము. 2024 నుండి చాకలి ఐలమ్మ పేరు ధరించినది. 2019లో మన దేశమున స్త్రీలును సాంకేతికోద్యోగులుగా పగటివేళ భూగర్భగనులలోనికి దిగుటకు అనుమతి కలిగినది. కొత్తగూడెములో గనులవిద్య నేర్పిన కళాశాల 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైనది. రేపు మీ మనుమడో మనుమరాలో ఆ కొలతకడ్డీని చేతబట్టి గనిలోనికి దిగవచ్చును. ఎరుపుపట్టెను చూచిన క్షణమున ‘ఆపుడు’ అని చెప్పుటకు వెనుదీయవద్దని వారికి ఇప్పుడే నేర్పుడు. ఆ మాట చెప్పినవారిని ఆదరించుట మనము నేర్చుకొందము.